నేమ్ సర్వరుకు ఒక తోడు

ఒక సంస్థ కార్యాలయములో ఉదయము పది గంటలైనది. కంప్యూటర్లన్నియు వెలుగుచున్నవి. తీగలు ఎక్కడను తెగలేదు. లెక్కలుంచు యంత్రము, ఉత్తరములందుకొను యంత్రము, ప్రింటరు అన్నియు చక్కగా పనిచేయుచునే యున్నవి. ఐనను ఎవ్వరికిని పని సాగుట లేదు. లెక్కల యంత్రమును పేరుపెట్టి పిలిచినచో "ఆ పేరుగల యంత్రము కనబడుట లేదు" అను సమాధానమే ప్రతి తెరమీదను వచ్చుచున్నది. గంటసేపు వెదకిన పిమ్మట, మూలనున్న ఒక చిన్న కంప్యూటరు ఆగిపోయినదని తెలిసినది. అది లెక్కలు వేయదు, ఉత్తరములు దాచదు. దాని పని యొక్కటే: ఎవరైన ఒక పేరు చెప్పి అడిగినచో ఆ పేరుగల యంత్రపు సంఖ్యను చెప్పుట. దీనినే నేమ్ సర్వరు అందురు.

ఇట్టి యంత్రము ఒక్కటే ఉండరాదనియు, రెండవది తోడుగా ఉండవలెననియు ఈ ఏర్పాటు రూపొందినప్పుడే నిర్ణయించిరి. రెండవదానిని పెట్టుట కష్టము కాదు. ఒక పూట పని. కాని పెట్టిన రెండవది అవసరమునాడు అక్కరకు వచ్చునా యనునది వేరొక ప్రశ్న. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ ప్రశ్నను గూర్చియే.

పేర్లు, సంఖ్యలు

నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకును ఒక సంఖ్య కలదు. దీనిని ఐ.పి. చిరునామా అందురు. చాలకాలముగా వాడుకలోనున్న పద్ధతిలో ఇది 32 బిట్ల సంఖ్య. చదువుటకు వీలుగా దీనిని నాలుగు ముక్కలు చేసి 10.0.1.25 అను విధముగా వ్రాయుదురు. ఒక్కొక్క ముక్క 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడునది ఈ సంఖ్యలతోనే. మనుష్యులకు మాత్రము పేర్లే జ్ఞాపకముండును. తరగతిలో నలుబదిమంది విద్యార్థుల పేర్లు తడుముకొనక చెప్పగల ఉపాధ్యాయుని వారి హాజరు సంఖ్యలు చెప్పుమన్నచో తడబడును గదా! అంతేకాక, లెక్కల యంత్రము చెడిపోయి దానిచోట క్రొత్తది పెట్టినప్పుడు సంఖ్య మారవచ్చును, పేరు మారనక్కరలేదు.

మొదట లోకమునకంతకును పేర్ల పట్టిక ఒక్కటే ఉండెడిది. ఇంటర్‌నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కాలములో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ ఆధ్వర్యమున నడచిన సమాచార కేంద్రము ఆ పట్టికను సిద్ధపరచెడిది. క్రొత్త యంత్రము పెట్టినవారు ఆ కేంద్రమునకు తెలియజేయవలెను. తక్కినవారు అప్పుడప్పుడు అక్కడనుండి పట్టిక మొత్తమును తెచ్చుకొనవలెను. యంత్రములు వందలలో నున్నంతకాలము ఇది సాగినది. వాని సంఖ్య పెరిగినకొలది పట్టిక పెద్దదైనది, తెచ్చుకొనువారు ఎక్కువైరి, తెచ్చుకొన్న పట్టిక చూచుచుండగనే పాతబడసాగెను. 1983లో పాల్ మోకపెట్రిస్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు దీనికి బదులుగా వేరొక పద్ధతిని రూపొందించెను. అందులో ఎవరి పేర్ల భాగమును వారే ఉంచుకొందురు. పైవారు "ఆ భాగము ఫలానావారి దగ్గర కలదు" అని మాత్రము చెప్పుదురు. ఇదే డి.ఎన్.ఎస్. ఒక్కొక్క భాగమును జోన్ అందురు. ప్రతి జోన్‌ను కనీసము రెండు సర్వర్లలో ఉంచవలెనని 1987లో సవరించి ప్రచురించిన నిబంధనలలో స్పష్టముగా కలదు.

మన ఉదాహరణలోని సంస్థకు రెండు కట్టడములు కలవనుకొందము. మొదటి కట్టడములో 10.0.1.2 అను సంఖ్యగల నేమ్ సర్వరు ఇదివరకే యున్నది. రెండవ కట్టడములో 10.0.2.2 అను సంఖ్యతో దానికి తోడు పెట్టదలచినాము.

అసలు, నకలు

ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు అసలు మన పెట్టెలో ఉండును. దాని నకలు రిజిస్ట్రారు కచేరీలో ఉండును. ఇల్లు కాలి అసలు పోయినను, కచేరీకి పోయి నకలు తెచ్చుకొనవచ్చును. ఆ రెంటిని ఒకే పెట్టెలో పెట్టుకొన్నవానికి నకలు ఉండియు లేనట్లే. నేమ్ సర్వర్లకును ఈ పోలిక సరిపోవును గాని, ఒక భేదము కలదు. దస్తావేజు మారదు, పేర్ల పట్టిక నిత్యము మారుచుండును. క్రొత్త ప్రింటరు వచ్చినను, పాత యంత్రము తీసివేసినను పట్టికను దిద్దవలెను. అందుచేత నకలు కూడ అసలును వెంటాడుచుండవలెను.

పట్టికను చేతితో దిద్దు సర్వరును ప్రధాన సర్వరనియు, దానినుండి తనంతట తాను నకలు తెచ్చుకొను సర్వరును ద్వితీయ సర్వరనియు పిలుతము. అడుగువారికి ఈ రెంటికిని భేదము లేదు. ద్వితీయము చెప్పిన సమాధానము ప్రధానము చెప్పినంత ప్రామాణికమే. భేదమంతయు పట్టికను ఎచ్చట దిద్దుదుమను దానిలోనే యున్నది.

నకలు తెచ్చుకొనుటకు వలసిన కాలనియమములు జోన్ పట్టిక మొదటనే కొన్ని సంఖ్యలుగా వ్రాయబడి యుండును. మొదటిది పట్టిక క్రమసంఖ్య. పట్టికను దిద్దినప్పుడెల్ల దీనిని పెంచవలెను. రెండవది ఎంతసేపటికొకసారి విచారించవలెనో చెప్పును. 3600 సెకండ్లని వ్రాసినచో గంటకొకసారి యని యర్థము. ప్రతి గంటకును ద్వితీయము "నీ క్రమసంఖ్య ఎంత?" అని ప్రధానమును అడుగును. అది తన దగ్గరనున్న దానికన్న పెద్దదైనచో క్రొత్త నకలు తెచ్చుకొనును; కానిచో ఊరకుండును. ప్రధానము పలుకనిచో ఎంతసేపటికి మరల అడుగవలెనో మూడవ సంఖ్య చెప్పును. ఇది 900 అనుకొందము, అనగా పావుగంట. నాలుగవదే అన్నిటికన్న ముఖ్యమైనది. ప్రధానము ఎంతకాలము పలుకకున్న ద్వితీయము తన నకలును నమ్ముట మానవలెనో అది చెప్పును. 1209600 సెకండ్లు, అనగా 14 దినములు, సాధారణముగా తగిన గడువు. రెండు నుండి నాలుగు వారములు ఉంచుట మంచిదని 1996లో వెలువడిన ఒక సూచనాపత్రములో కలదు. ఆ గడువు దాటినచో ద్వితీయ సర్వరు ఆ జోన్‌ను గూర్చి సమాధానము చెప్పుటయే మానివేయును.

దగ్గర పట్టిక ఉండగా చెప్పకుండుట వింతగా తోచవచ్చును. కాని చాల పాతబడిన పట్టిక అడిగినవానిని తప్పుడు యంత్రము దగ్గరకు పంపును. తెలియదన్నవాని వలన ఆలస్యమే కలుగును. తప్పు త్రోవ చూపినవాని వలన నష్టము కలుగును. ఈ నియమము న్యాయమైనదే. ఐనను ఇది ఎట్టి చిక్కు తెచ్చునో ముందు చూతము.

గంటసేపు వేచియుండుట ఎందుకని, పట్టిక మారిన వెంటనే ప్రధానమే ద్వితీయమునకు కబురుపంపు పద్ధతి 1996లో వచ్చినది. మారిన పంక్తులను మాత్రమే పంపు పద్ధతియు ఆ సంవత్సరముననే వచ్చినది. ఈ రెండును ఇప్పుడు సర్వత్ర వాడుకలో నున్నవి.

పెట్టు విధానము

నేమ్ సర్వరు పని చేయు ప్రోగ్రాములలో బైండ్ అనునది ప్రసిద్ధము. ఇది 1980 తరువాతి సంవత్సరములలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పుట్టినది. దానితో పని ఈ విధముగా నుండును. ప్రధాన సర్వరులో రెండు మార్పులు చేయవలెను: జోన్ పట్టికలో రెండవ సర్వరు పేరును, సంఖ్యను చేర్చుట, 10.0.2.2 అడిగినచో నకలు ఇయ్యవచ్చునని అనుమతి వ్రాయుట. ఈ అనుమతి ఒక్క ద్వితీయ సర్వరుకే ఇయ్యవలెను. పట్టిక మొత్తము ఎవరడిగినను ఇచ్చినచో, సంస్థలో ఏయే యంత్రములు ఎక్కడెక్కడ కలవో దొంగకు మనమే చిత్రపటము గీసి ఇచ్చినట్లగును. ఇంకను భద్రత కోరువారు రెండు సర్వర్లకు మాత్రమే తెలిసిన ఒక రహస్య సంకేతమును కూడ ఏర్పరచుదురు.

ద్వితీయ సర్వరులో వ్రాయవలసినది మరియు తక్కువ: జోన్ పేరు, తాను ద్వితీయమను మాట, ప్రధానము యొక్క సంఖ్య, నకలును దాచవలసిన ఫైలు పేరు. పట్టికను అక్కడ చేతితో వ్రాయరాదు. ప్రోగ్రామును మరల ఆరంభింపగనే కొద్ది సెకండ్లలో నకలు ఫైలు దానంతట అదే ఏర్పడినచో పని జరిగినట్లు. పేరునుండి సంఖ్యను చెప్పు జోన్‌తో పాటు, సంఖ్యనుండి పేరును చెప్పు విలోమ జోన్ కూడ ఉండును. దానిని చాలమంది మరచిపోవుదురు.

తరువాత ఉద్యోగుల కంప్యూటర్లకు రెండవ సర్వరు సంఖ్యను తెలుపవలెను. కంప్యూటర్లకు చిరునామాలు పంచియిచ్చు డి.హెచ్.సి.పి. యంత్రములో ఈ సంఖ్యను చేర్చిన చాలును. దీనిని చేయనిచో అడుగువారు లేక ద్వితీయ సర్వరు ఊరక కూర్చుండును. ప్రధానము బయటి లోకపు పేర్లను కూడ విచారించి చెప్పుచున్నచో, ఆ ఏర్పాటు ద్వితీయములోను ఉండవలెను. లేనిచో ప్రధానము పోయిననాడు లోపలి పేర్లు పలుకును, బయటివి పలుకవు.

ఎచ్చట పెట్టవలెను?

ఇక అసలు సంగతి. ప్రధానమును ఏ కారణము ఆపునో ఆ కారణము ద్వితీయమును తాకరాదు. ఒకే విద్యుత్తీగ, ఒకే స్విచ్చి, ఒకే రూటరు మీద రెండును ఆధారపడినచో అవి రెండు సర్వర్లు కావు. రెండు పెట్టెలలో నున్న ఒక సర్వరే. ఈ కాలములో ఇంకొక ప్రమాదము కలదు. ఒక పెద్ద యంత్రములోనే అనేక కల్పిత కంప్యూటర్లను నడుపుట ఇప్పుడు పరిపాటి. పేరునకు రెండు సర్వర్లుండును, రెంటికిని ఒడలు ఒక్కటే! కాగితముమీద గీసిన పటములో ఇది కనబడదు.

చిన్న సంస్థలే ఈ పొరపాటు చేయునని తలపరాదు. 2001 జనవరి 23 సాయంకాలము మైక్రోసాఫ్ట్ సంస్థలో ఒక సాంకేతిక నిపుణుడు కొన్ని రూటర్ల అమరికలో ఒక మార్పు చేసెను. ఆ సంస్థ పేర్లను చెప్పు సర్వర్లు నాలుగుండెను. రెండు చాలునన్నచోట నాలుగు! కాని ఆ నాలుగును నెట్‌వర్కులో ఒకే భాగమున, ఆ రూటర్ల వెనుకనే యుండెను. దానితో నాలుగును ఒక్కసారిగా లోకమునకు మరుగైనవి. సంస్థ వెబ్‌సైట్లను నడుపు యంత్రములు ఆరోగ్యముగనే యున్నవి. వాని సంఖ్యలు చెప్పువారే కరవైరి. మరునాటి సాయంకాలము ఆ మార్పును తొలగించువరకు, అనగా సుమారు 22 గంటలకు పైగా, చాలమందికి ఆ సైట్లు అందలేదు. ఈ సంఘటనకు ముందే, 1997లో, ద్వితీయ సర్వర్లను భౌగోళికముగాను నెట్‌వర్కు దృష్ట్యాను వేర్వేరు చోట్ల పెట్టవలెనని సలహాపత్రమొకటి ప్రచురింపబడి యుండెను.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు కలిగిన ఆపద మరియొక తీరుది. దాని నేమ్ సర్వర్లు వేర్వేరు ఊళ్లలోనే ఉండెను. కాని సంస్థ కేంద్రములతో సంబంధము తెగినచో తాము ఉన్న త్రోవను లోకమునకు చాటుట మానవలెనని వానికి నియమము పెట్టియుండిరి. ఒక పొరపాటు ఆజ్ఞచేత కేంద్రములను కలుపు మార్గములన్నియు తెగగా, సర్వర్లన్నియు ఆ నియమమును విధేయతతో పాటించి కనుమరుగైనవి. సుమారు ఆరు గంటలు ఆ సేవలు నిలిచిపోయినవి. దూరముగా నున్నంతమాత్రమున స్వతంత్రముగా నున్నట్లు కాదని దీనివలన తెలియుచున్నది.

క్రమసంఖ్యతో ఒక గణితము

పట్టికను దిద్ది క్రమసంఖ్యను పెంచుట మరచిపోవుట సర్వసాధారణమైన తప్పు. అప్పుడు ప్రధానములో క్రొత్త పట్టిక, ద్వితీయములో పాత పట్టిక ఉండును. ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు వచ్చును. ఈ మరపును తప్పించుటకై చాలమంది క్రమసంఖ్యను తేదీగా వ్రాయుదురు. 2025071401 అనగా 2025 జూలై 14న చేసిన మొదటి మార్పు.

ఇప్పుడు ఎవరైన తొందరలో 25ను తారుమారు చేసి 2052071401 అని వ్రాసిరనుకొందము. ద్వితీయము దానిని తెచ్చుకొనును. మరునాడు తప్పు తెలిసికొని సరియైన తేదీ వ్రాసినచో, అది చిన్న సంఖ్య కావున "నా దగ్గరనున్నదే క్రొత్తది" అని ద్వితీయము కదలదు. ఇరువదియేడేండ్లు ఆగవలెనా? అక్కరలేదు. గణితోపాధ్యాయులకు ఇది మంచి అభ్యాసము.

క్రమసంఖ్య 32 బిట్లది. కావున 4294967295 తరువాత మరల 0 వచ్చును. గడియారములో పన్నెండు తరువాత ఒకటి వచ్చినట్లే. గడియారపు ముఖముమీద పదకొండుకన్న ఒకటి ముందున్నదా, వెనుకనున్నదా? ముల్లు తిరుగు దిశలో సగము చుట్టులోపల ఎదురైనది ముందున్నదనుకొందము. అప్పుడు పదకొండుకన్న ఒకటియే ముందున్నది. క్రమసంఖ్యలను పోల్చు నియమమును ఇట్టిదే: మొత్తము చుట్టులో సగము, అనగా 2147483648, కన్న తక్కువ దూరములో ముందున్నదే క్రొత్తది. కావున తప్పుడు సంఖ్యకు 2147483647 కలిపి 4199555048 అని వ్రాయవలెను. ద్వితీయము దానిని క్రొత్తదిగా గ్రహించి తెచ్చుకొనును. అది వచ్చినదని చూచుకొన్న పిమ్మట 2025071402 అని వ్రాయవలెను. చుట్టు తిరిగి అక్కడికి చేరుటకు దూరము 2120483650; ఇది సగముకన్న తక్కువ. కావున దానిని కూడ క్రొత్తదిగనే గ్రహించును. రెండడుగులలో తప్పు తీరినది.

మా ప్రయోగశాలలో జరిగినది

ఈ విషయము నాకు పుస్తకములవలన గాక అనుభవమువలన పట్టుబడినది. నేను పనిచేసిన ఒక కళాశాలలో ప్రయోగశాలకు రెండు నేమ్ సర్వర్లు పెట్టితిమి. నకలు ఫైలు ఏర్పడినది, మారిన పేర్లు వెంటనే చేరినవి, సంతోషించితిమి. చాలకాలమునకు ఒకనాటి ఉదయము ప్రధానము కాలిపోయినది. తోడున్నది గదా యని నిశ్చింతగా నుంటిని. తీరా అడిగిన, ద్వితీయ సర్వరు నడుచుచునే యున్నది. కాని మా జోన్‌ను గూర్చి ఒక్కమాటయు చెప్పదు. ఆ నాడు ప్రయోగ పరీక్ష. విద్యార్థులు తెరలవంకను, నేను సర్వరువంకను చూచుచు కూర్చుంటిమి.

కారణము సాయంకాలమునకు దొరకినది. నేమ్ సర్వరు ప్రశ్నలు సాధారణముగా యు.డి.పి. అను పద్ధతిలో పోవును. ఇది కార్డు వ్రాసి డబ్బాలో వేయుట వంటిది: చిన్నది, త్వరగా పోవును, చేరినట్లు రసీదు రాదు. పట్టిక మొత్తము తెచ్చుకొనుట మాత్రము టి.సి.పి. అను పద్ధతిలో జరుగును. ఇది రసీదుతో వచ్చు రిజిస్టరు పార్సెలు వంటిది. రెండును 53వ పోర్టు ద్వారముననే పోవును. మేము సర్వర్లు పెట్టిన తరువాత, రెండు భాగముల నడుమ ఒక ఫైర్‌వాల్ వచ్చి చేరినది. దానిలో 53వ ద్వారమున యు.డి.పి.ని మాత్రమే పోనిచ్చిరి. ద్వితీయము క్రమసంఖ్య ఎంతయని అడుగుచునే యుండెను, పెరిగినదని వినుచునే యుండెను, తెచ్చుకొనబోవగా ద్వారము మూసియుండెను. గడువు దినములు గడచినవి. నియమము ప్రకారము అది మౌనము వహించినది. అందరును మొదట ప్రధానమునే అడుగుచుండుటచేత ఆ మౌనము ఎవ్వరికిని వినబడలేదు. సర్వరు దినచర్యలో మాత్రము ప్రతి విఫలయత్నమును వ్రాసియుండెను, మేము చదువలేదు.

ఇంకొక సంగతి. ప్రధానము పోయి, ద్వితీయము చక్కగా నున్నను, పని మునుపటి వేగమున సాగదు. లైనక్సు కంప్యూటరు మామూలుగా జాబితాలోని మొదటి సర్వరును అడిగి 5 సెకండ్లు వేచియుండి, పిమ్మట రెండవదానిని అడుగును. ప్రతి క్రొత్త పేరుకును ఇట్లే. ఒక వెబ్‌పేజీకి పది పేర్లు కావలసివచ్చినచో ఎంత జాప్యమో ఊహింపవచ్చును. "నెట్‌వర్కు నెమ్మదించినది" అని ఫిర్యాదులు వచ్చునే గాని నేమ్ సర్వరు పోయినదని ఎవ్వరును అనరు. వేచియుండు కాలమును 1 సెకండుకు తగ్గించుటయు, సగము కంప్యూటర్లకు రెండవ సర్వరునే మొదట వ్రాయుటయు దీనికి ఉపాయములు. రెండవ ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది; దానివలన ద్వితీయము నిత్యము పనిలో నుండును, మూగబోయిన వెంటనే ఎవరో ఒకరు కేకవేయుదురు.

ద్వితీయ సర్వరును భద్రపరచిన పాత ప్రతియని పొరపడరాదు. ప్రధానములో ఎవరైన పొరపాటున నూరు పేర్లు తుడిచివేసి క్రమసంఖ్య పెంచినచో, ద్వితీయము ఆ తప్పును కూడ క్షణములో నకలు తీసికొనును. పాత పట్టికలను వేరుగా దాచుకొనవలసినదే.

మేము ఇప్పుడు రెండు పనులు చేయుచున్నాము. ప్రతి ఉదయము ఒక చిన్న ప్రోగ్రాము రెండు సర్వర్లను విడివిడిగా క్రమసంఖ్య అడిగి, అవి వేరైనను, ఏదేని పలుకకున్నను ఉత్తరము పంపును. ఇక నెలకొకసారి శనివారము మధ్యాహ్నము, ముందుగా ఎవరికిని చెప్పక, ప్రధాన సర్వరు తీగను అరగంటసేపు ఊడదీయుదుము. మొదటిసారి అట్లు చేసినప్పుడు ద్వితీయము చక్కగనే పలికినది. కాని ఒక ప్రింటరును, హాజరు వేయు యంత్రమును ఆగిపోయినవి. వానిలో ఎవరో ఎన్నడో ప్రధానము సంఖ్యను మాత్రమే చేతితో వ్రాసియుండిరి.